సొంత పాటతో ఊరూరా: ఒక గాయనిని తరచుగా అడిగే ప్రశ్నలు

నేను కాజీపేట రైల్వే కాలనీలో పెరిగాను. పాటలు నేనే రాసుకొని, బాణీలు నేనే కట్టుకొని, గిటార్ పట్టుకొని ఊరూరా పాడుతున్నాను. కచేరీ ముగిశాక విద్యార్థులు, పిల్లలను వెంటబెట్టుకొని వచ్చే తల్లిదండ్రులు, కొత్తగా పాటలు రాస్తున్న యువతీయువకులు ఎన్నో అడుగుతారు. వేదిక పక్కన నిలబడి ఇచ్చే జవాబు ఎప్పుడూ సగంలోనే ఆగిపోతుంది కాబట్టి వాటిని ఇక్కడ తీరికగా రాస్తున్నాను.

పాటలు కట్టడం మీకు ఎలా అలవాటైంది?

బతుకమ్మ ఆటలో అలవాటైంది. పరకాల వైపు ఉన్న మా అమ్మమ్మ ఊళ్లో పండుగ మొదటి రోజు ఎంగిలిపూల నుంచి చివరి రోజు సద్దుల దాకా ప్రతి సాయంత్రం ఒకరు పాట చెబుతుంటే మిగిలినవారు ‘ఉయ్యాలో’ అని అందుకునేవారు. పాట చెప్పే ఆమెకు తర్వాతి చరణం గుర్తుకు రాకపోయినా ఆట ఆగేది కాదు. చప్పట్ల లయ తప్పకుండా అక్కడికక్కడే ఒక చరణం అల్లి, అందులో ఎదురుగా ఉన్న కోడలి పేరో, ఆ ఏడు నిండని చెరువు సంగతో పెట్టి పాటను ముందుకు నడిపేది. పాట ఎక్కడో పుట్టి మన దగ్గరికి వచ్చే వస్తువు కాదని, నిలబడిన చోటనే తయారవుతుందని నాకు తెలిసింది అప్పుడే. ఆ పాటల్లో చాలావరకు ద్విపద అనే రెండు పాదాల ఛందస్సుకు దగ్గరగా నడుస్తాయని, ద్విపద పాదంలో మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం ఉంటాయని, ఇక్కడికి దగ్గరలోని పాలకుర్తికి చెందిన పాల్కురికి సోమనాథుడు ఏడెనిమిది వందల ఏళ్ల కిందటే సామాన్య జనం కోసం ఆ ఛందస్సును ఎంచుకున్నాడని కళాశాలలో చదువుకున్నాను. ఆ నడక మాత్రం అంతకు ముందే చేతులకు వచ్చేసింది.

సంక్రాంతికి ఐలోని మల్లన్న జాతరకు వెళితే ఒగ్గు కథ వినేదాన్ని. ఒకే మనిషి కథ చెబుతూ, మధ్యలో పాడుతూ, పక్కవాద్యం వాళ్లతో మాటకు మాట కలుపుతూ గంటల తరబడి జనాన్ని కూర్చోబెట్టడం చూశాను. రెండు పాటల మధ్య నేను జనంతో మాట్లాడే పద్ధతికి మూలం అదే.

మా పాప తనకు తోచిన మాటలతో పాడుతుంది. ఏం చేయమంటారు?

ముందుగా, సరిదిద్దకండి. పిల్లలు తెలిసిన బాణీలో తమ మాటలు పెట్టుకుంటారు, తర్వాత బాణీని కూడా కాస్త వంచుతారు, ఇంకొన్నాళ్లకు రెండూ సొంతమవుతాయి. ఈ వరుసలో మొదటి మెట్టు మీద ఉన్న పిల్లను ‘అసలు పాట అది కాదు’ అని ఆపితే ఆమె సాధారణంగా రెండో మెట్టు ఎక్కదు. ఫోన్‌లో రికార్డు చేసి, తేదీ వేసి దాచండి. రాయడం వచ్చిన పిల్ల అయితే ఒక నోటు పుస్తకాన్ని కేవలం పాటలకే ఇవ్వండి.

టీవీ పోటీలకు పంపాలా అని కూడా అడుగుతారు. ఆ పోటీలు ఇతరుల పాటను ఎంత బాగా పాడగలరో చూస్తాయి. అది గొప్ప విద్యే, అందులో నాకు సందేహం లేదు. కానీ సొంతంగా పాట కట్టే పిల్లకు తొమ్మిదేళ్లకే మార్కులు, తీర్పులు అలవాటైతే, తీర్పరికి నచ్చే పాట మాత్రమే కట్టడం నేర్చుకుంటుంది. నన్నడిగితే పదిహేనేళ్లు వచ్చేదాకా ఆగమంటాను.

శాస్త్రీయ సంగీతం నేర్చుకోవడం తప్పనిసరా?

తప్పనిసరి కాదు, కానీ ఎంతో మేలు చేస్తుంది. వరంగల్‌లో విద్యారణ్య ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉంది. ప్రభుత్వ సంగీత కళాశాలల్లో నాలుగేళ్ల సర్టిఫికెట్, దాని తర్వాత రెండేళ్ల డిప్లొమా కోర్సులు ఉంటాయి. తొలి పాఠాలైన సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు రోజూ సాధన చేసిన గొంతుకు శ్రుతి స్థిరపడుతుంది. చెవికి వినిపించిన స్వరాన్ని కాగితం మీద పెట్టగలగడం బాణీలు కట్టేవారికి అక్కరకొచ్చే విద్య. ఆకాశవాణి ఆడిషన్‌లో నిలిస్తే బి, బి-హై, ఎ, టాప్ అనే గ్రేడ్లు ఇస్తారు, సంగీత రంగంలో ఆ గ్రేడుకు ఇప్పటికీ గౌరవం ఉంది.

ఒక జాగ్రత్త చెప్పాలి. నాట్లేసేటప్పుడు పాడే గొంతు వేరు, కచేరీ గొంతు వేరు. పొలంలో పాట అవతలి మడి దాకా వినపడాలి కాబట్టి గొంతు పూర్తిగా విప్పి, గమకం (స్వరాన్ని ఊపడం) తగ్గించి పాడతారు. సంగీతం నేర్చుకున్న తర్వాత ఆ విప్పిన గొంతును మోటుగా భావించి వదిలేసిన పిల్లలను చూస్తే నాకు బాధ కలుగుతుంది. రెండు గొంతులూ ఉంచుకోవచ్చు.

జానపదం వంటి పాటకు గిటార్ ఎందుకు?

ఒంటరిగా ప్రయాణించే మనిషి మోయగలిగిన వాద్యం కావడం మొదటి కారణం. అయితే మన బాణీలు చాలావరకు నాలుగైదు స్వరాల మధ్యే తిరుగుతాయి. ప్రతి మాటకూ ఒక కార్డ్ (కలిపి మోగించే స్వరాల గుంపు) మార్చుకుంటూ పోతే ఆ బాణీ దాని రూపం కోల్పోతుంది. అందువల్ల నేను కింది తీగను ఒక స్వరం దించి, షడ్జమ పంచమాలను (స, ప) తంబూరాలా మోగనిస్తూ, చరణం మలుపులో మాత్రమే కార్డ్ మారుస్తాను. తీగలను నొక్కిపట్టే కాపో అనే బిగింపు పెట్టుకొని శ్రుతిని గొంతుకు తగినట్టు జరుపుకుంటాను.

తెలంగాణ మాటలో రాస్తే బయటివారికి అర్థమవుతుందా?

అవుతుంది. కాళోజీ నారాయణరావు జయంతి అయిన సెప్టెంబర్ 9ని రాష్ట్రం తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటోంది. ఈ నేల మాటకు ఆ గౌరవం దక్కడానికి ఆయన వంటివారు జీవితమంతా పోరాడారు. ఇక ఆ మాటలో పాడడానికి నేనెందుకు సంకోచించాలి? భూపాలపల్లి జిల్లా చల్లగరిగె నుంచి వెళ్లిన చంద్రబోస్ గారు రాసిన తెలుగు పాటకు 2023లో ఆస్కార్ వచ్చింది. అది విన్న ప్రపంచంలో చాలామందికి తెలుగే రాదు.

అయితే యాసను అలంకారంగా వాడడం నాకు ఇష్టం లేదు. పాటలో మనిషి ఎవరో తేలకుండానే నాలుగు పల్లె మాటలు చల్లి జానపదమని పేరు పెట్టడం ఇప్పుడు చాలా ఎక్కువైంది. మాట్లాడే మనిషి ముందు నిలబడాలి, ఆమె నోట ఏ మాట వస్తుందో అదే రాయాలి.

ఒక పాట ఎలా తయారవుతుంది?

ఒక ఉదాహరణ చెబుతాను. మిర్చి కాలంలో ఏనుమాముల మార్కెట్‌కు ముందు రాత్రే బస్తాలతో వచ్చి, వాటి మీదే పడుకునే రైతుల గురించి పాట రాయాలనుకున్నాను. మొదట రాసిన పల్లవి అంతా జాలితో నిండిపోయింది. అది వారి మాట కాదు, చూసినవారి మాట. తిరిగి వెళ్లి కూర్చుని వింటే, వారు మాట్లాడుకునేది జెండా పాటలో (మార్కెట్‌లో ఆ రోజు జరిగే మొదటి వేలంలో) పలికే ధర గురించి, తేమ పేరుతో ఎంత తగ్గిస్తారన్న దాని గురించి, ఇంటి దగ్గర పత్తి ఏరడానికి కూలీలు దొరకని సంగతి గురించి. జెండా పాటలో చెప్పిన ధర తన బస్తాకు రాదని తెలిసి కూడా, దాన్ని వినడానికి ముందు వరుసలోకి వెళ్లి నిలబడే రైతే ఆ పాటకు మనిషి అయ్యాడు. ఆ తర్వాత మాటలు వాటంతట అవే వచ్చాయి.

నేను మాట, బాణీ వేర్వేరుగా చేయను. ఒక వాక్యాన్ని పైకి అనేకసార్లు మాట్లాడి చూస్తే అందులో గొంతు ఎక్కడ లేస్తుందో, ఎక్కడ ఆగుతుందో తెలుస్తుంది. తెలుగులో దీర్ఘాక్షరం మీద స్వరం నిలుస్తుంది, ద్విత్వాక్షరం దగ్గర లయ తడుతుంది. హ్రస్వాన్ని బలవంతంగా సాగదీస్తే వినేవారికి మాట తెలియదు. రాసిన దాన్ని మొదట మా అమ్మకు వాద్యం లేకుండా పాడి వినిపిస్తాను. ఏ మాట దగ్గర ఆమె ‘ఏందది?’ అని అడుగుతుందో అక్కడ మళ్లీ పని చేస్తాను.

పాత జానపద బాణీలను వాడుకోవచ్చా? వాటికి సొంతదారులు ఎవరూ లేరు కదా?

నన్ను అడిగే ప్రశ్నలన్నిటిలో నేను ఎక్కువగా ఆలోచించేది దీని గురించే. ‘ఎవరూ లేరు’ అనే మాటను మనం చాలా తేలికగా వాడుతున్నాం.

చట్టం వరకు చూస్తే, రచయిత ఎవరో తెలియకుండా తరతరాలుగా వస్తున్న పాట మీద ఒక వ్యక్తికో సంస్థకో కాపీరైట్ ఉండదు, దాన్ని ఎవరైనా పాడవచ్చు. అయితే ఆ పాటను ఒకరు చేసిన రికార్డింగ్ మీద, దానికి కొత్తగా చేర్చిన చరణాల మీద, కొత్త సంగీతం మీద వారికి హక్కు ఉంటుంది. ఇక మనం జానపదమని పాడుకునే పాటల్లో చాలావాటికి రచయితలు ఉన్నారు. తెలంగాణ ఉద్యమ వేదికల మీద పుట్టి పల్లెపల్లెకూ పాకిన పాటలను జనం సొంతం చేసుకున్నారు, అది ఆ కవుల ఘనత. కానీ రచయిత మరణించిన తర్వాత కూడా 60 ఏళ్ల పాటు ఆ హక్కు వారి వారసులకు ఉంటుంది. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలో పుట్టిన గూడ అంజయ్య 2016లో మరణించారు కాబట్టి ఆయన పాటల మీద హక్కు 2076 చివరి దాకా, 2023లో మరణించిన గద్దర్ పాటల మీద 2083 చివరి దాకా ఉంటుంది. వారి పాటను రికార్డు చేసి ‘జానపదం’ అని రాసి వదిలేయడం చట్టరీత్యా తప్పు, మర్యాద ప్రకారం అంతకంటే పెద్ద తప్పు.

చట్టం పట్టించుకోని సంగతి ఇంకొకటి ఉంది. ఒగ్గు కథ, చిందు భాగవతం, శారద కథ కొన్ని కుటుంబాల జీవనాధారం. జనగామ ప్రాంతంలోని మాణిక్యాపురానికి చెందిన చుక్క సత్తయ్య వంటి ఒగ్గు కళాకారులు జీవితాంతం మోసిన విద్యను నేను ఒక సాయంత్రం విని, బాణీ పట్టుకొని, గిటార్ మీద వాయించి నా పేరు వేసుకోవడానికి ఏ చట్టమూ అడ్డు రాదు. అయినా నేను ఆ పని చేయను. ఎవరి దగ్గర విన్నానో వారిని అడుగుతాను, వారి పేరు, ఊరు పాట వివరాల్లో రాస్తాను, ఆ పాట వల్ల వచ్చిన డబ్బులో భాగం ఇస్తాను, వీలైతే రికార్డింగ్‌లో వారితోనే డోలు వాయించమంటాను. వారు వద్దంటే ఆ బాణీని వదిలేస్తాను. సొంత పాట రాసేవారికి తనకు వచ్చినదేదో, తాను చేసినదేదో విడదీసి చెప్పగలిగే నిజాయితీ ఉండాలని నా దృఢమైన నమ్మకం.

ఇందులో ఆచరణాత్మకమైన చిక్కు కూడా ఉంది. మా అమ్మమ్మ ఊళ్లో విన్న ఒక బతుకమ్మ బాణీని నేను యూట్యూబ్‌లో పెడితే, దాని మీద హక్కు తమదేనని ఒక సంస్థ పేరుతో కంటెంట్ ఐడీ (రికార్డింగులను యంత్రంతో పోల్చి చూసే యూట్యూబ్ ఏర్పాటు) దావా వచ్చింది. ఆ సంస్థ అదే బాణీని ఎప్పుడో రికార్డు చేసింది, యంత్రం రెండింటినీ పోల్చి ఒకటే అనుకుంది. అలాంటప్పుడు బెదిరిపోకుండా, ఇది సంప్రదాయ బాణీ, రికార్డింగ్ నాది అని వివరంగా రాసి అభ్యంతరం పంపాలి. అవతలివారికి జవాబివ్వడానికి 30 రోజుల గడువు ఉంటుంది, వారు స్పందించకపోతే దావా తొలగిపోతుంది. నాకు అలాగే తొలగిపోయింది. కాని ఊరంతటిదైన పాట మాదేనని ఎవరో అంటే వచ్చే కోపం మాత్రం అంత త్వరగా పోలేదు.

నా పాటను ఒక చానెల్ వారు అడుగుతున్నారు. సంతకం చేయవచ్చా?

కాగితం పూర్తిగా చదివాకే చేయండి. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం పాట రాసిన క్షణమే హక్కు మీకు వస్తుంది, నమోదు తప్పనిసరి కాదు. వివాదం వస్తే సాక్ష్యంగా పనికొస్తుంది కాబట్టి నమోదు చేసుకోవడం మంచిదే. సాహిత్యానికి గాని బాణీకి గాని రుసుము 500 రూపాయలు, సౌండ్ రికార్డింగ్‌కు 2,000 రూపాయలు. హక్కు ఇవ్వడం రాతపూర్వకంగానే జరగాలి. ఎంతకాలమో ఒప్పందంలో రాయకపోతే 5 ఏళ్లని, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకేనని చట్టం భావిస్తుంది. సరిగ్గా అందుకే చాలా కాగితాల్లో ‘శాశ్వతంగా, ప్రపంచమంతటా’ అనే మాటలు కనిపిస్తాయి. ఆ రెండు మాటల చోట ఒక గడువు, ఒక పరిధి రాయమని అడగడం మీ హక్కు.

2012 సవరణ తర్వాత రచయిత, స్వరకర్త తమ రాయల్టీ వాటాను వారసులకు లేదా కాపీరైట్ సొసైటీకి (రాయల్టీ వసూలు చేసి పంచే సంస్థకు) తప్ప ఇంకెవరికీ వదులుకోవడానికి వీలు లేదు. అలాంటి సొసైటీయే అయిన, 1969 నుంచి పనిచేస్తున్న ఐపీఆర్ఎస్‌లో రచయితగా, స్వరకర్తగా సభ్యత్వం తీసుకోండి.

ఇంట్లోనే రికార్డింగ్ చేయవచ్చా?

చేయవచ్చు. సన్నని శబ్దాన్ని కూడా పట్టే ఒక కండెన్సర్ మైక్, దానికి కావలసిన 48 వోల్టుల కరెంటు (ఫాంటమ్ పవర్) ఇచ్చి కంప్యూటర్‌కు కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్, ఒక ల్యాప్‌టాప్ చాలు. ఖరీదైన మైక్ కంటే నిశ్శబ్దమైన గది ముఖ్యం. గోడలకు బొంతలు కట్టి, ఫ్యాన్ ఆపి, తెల్లవారుజామున పాడతాను. వరంగల్ ఎండాకాలంలో ఫ్యాన్ లేకుండా పాడడం నిజంగా కష్టమే కాబట్టి రికార్డింగులన్నీ చలికాలంలో పెట్టుకుంటాను. డప్పు మాత్రం ఆరుబయట, పెద్ద శబ్దాన్ని తట్టుకునే డైనమిక్ మైక్‌తో తీసుకుంటే బాగుంటుంది.

దీనితో బతకగలరా?

ఆన్‌లైన్ ఆదాయం మీద మాత్రమే ఆధారపడితే కష్టం. యూట్యూబ్‌లో ప్రకటనల ఆదాయానికి 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉండాలి. స్పాటిఫైలో ఒక పాట ఏడాదికి 1,000 సార్లయినా వినబడకపోతే దానికి డబ్బు రాదు. నా జీవనం వేదికల మీద, పిల్లలకు చెప్పే సంగీత పాఠాల మీద నడుస్తోంది. కళాశాలలు, సంస్థలు పారితోషికంలో 10 శాతం టీడీఎస్ (ముందుగానే పట్టుకునే ఆదాయపు పన్ను) కింద మినహాయించినప్పుడు ఆదాయపు పన్ను రిటర్న్ వేస్తే, పన్ను పరిధిలోకి రానివారికి ఆ మొత్తం తిరిగి వస్తుంది. చాలామంది కళాకారులు దాన్ని అలాగే వదిలేస్తున్నారు.

మొదటి వేదిక ఎలా దొరుకుతుంది?

చిన్నదే వెతకండి. బడి వార్షికోత్సవం, గ్రంథాలయంలో కవి సమ్మేళనం, వినాయక మండపంలో ఒక సాయంత్రం, నిట్ వంటి కళాశాలల ఉత్సవాలు అన్నీ వేదికలే. హనుమకొండ పబ్లిక్ గార్డెన్‌లో మిమిక్రీ కళాకారుడు నేరెళ్ల వేణుమాధవ్ పేరిట ఉన్న ప్రాంగణంలో ఒక సాహిత్య సభ మొదట్లో ఐదు నిమిషాలు పాడమన్నారు. ఒక కళాకారుడి పేరు పెట్టుకున్న చోట నిలబడడం నాకు ఎంతో ధైర్యం ఇచ్చింది. 2024లో ప్రారంభమైన కాళోజీ కళాక్షేత్రం వంటి పెద్ద వేదికలకు ముందు, యాభై మంది కూర్చున్న గదిలో మైక్ లేకుండా రెండు గంటలు పాడగలగాలి.

ఊళ్ల పర్యటన ఎలా ఏర్పాటు చేసుకుంటారు?

కాజీపేట జంక్షన్ పక్కన పుట్టడం నా అదృష్టం. ఉత్తరానికి వెళ్లే లైను మీదే పెద్దపల్లి, రామగుండం, మంచిర్యాల, కాగజ్‌నగర్ వరుసగా వస్తాయి. ఒక్కో రాత్రి ఒక్కో ఊళ్లో పాడుతూ వెళ్లి, తిరుగు ప్రయాణం ఒకేసారి చేస్తాను. ఇలా వరుసగా సాగే పర్యటనకు, వెనక్కి మళ్లి మళ్లీ ముందుకు వెళ్లే పర్యటనకు ఖర్చులో చాలా తేడా ఉంటుంది. సింగరేణి ఊళ్లలో ఆదివారమే పెట్టుకుంటాను, ఎందుకంటే మిగతా రోజుల్లో రెండో షిఫ్టు కార్మికులు రాత్రి దాకా గనిలోనే ఉంటారు. గోదావరిఖని శ్రోతలంత శ్రద్ధగా మాట వినే జనాన్ని నేను ఇంకెక్కడా చూడలేదు. మేడారం జాతర జరిగే మాఘమాసపు వారంలో బస్సులన్నీ అటే వెళతాయి కాబట్టి ఆ వారం పర్యటన ఉండదు.

వేదిక దగ్గరికి కనీసం రెండు గంటల ముందు చేరతాను. గొంతుకు ఒక మైక్, గిటార్‌కు ఒక లైన్, నాకు వినపడేలా ఒక మానిటర్ అడుగుతాను. సౌండ్ సెట్ అన్నలు అలవాటుగా ఎకో ఎక్కువ పెడతారు, మాట తెలియాలంటే దాన్ని పూర్తిగా తగ్గించమని మర్యాదగా చెప్పాలి. వారిని పేరు పెట్టి పిలిచి, వేదిక మీద నుంచి వారికి ధన్యవాదాలు చెప్పడం నా అలవాటు. ఆ రాత్రి పాట జనానికి చేరేది వారి చేతుల మీదుగానే.

ఆడపిల్ల ఒంటరిగా తిరగడానికి ఇంట్లో ఒప్పుకున్నారా?

మొదట ఒప్పుకోలేదు. రెండేళ్లు మా తమ్ముడు వెంట వచ్చాడు. బస ఎక్కడో, ఎవరు తీసుకువెళ్తారో, ఎన్ని గంటలకు ముగుస్తుందో ముందే రాతపూర్వకంగా తీసుకోవడం నేర్చుకున్నాక ఇంట్లోవారికి ధైర్యం వచ్చింది. నిర్వాహకుల ఇంట్లో ఆడవారు ఎవరైనా ఉంటే వారితో ఒకసారి ఫోన్‌లో మాట్లాడతాను. బస గురించి స్పష్టంగా చెప్పని చోటికి పారితోషికం ఎంతయినా వెళ్లను.

వరుస కచేరీల్లో గొంతును ఎలా కాపాడుకుంటారు?

ప్రయాణంలో తక్కువ మాట్లాడతాను, నీళ్లు తాగుతూ ఉంటాను, వరుసగా మూడు రాత్రులు పాడితే నాలుగో రోజు విశ్రాంతి. బొంగురు మూడు వారాలు దాటినా తగ్గకపోతే మిరియాల కషాయం దగ్గర ఆగకుండా ఈఎన్‌టీ వైద్యులకు చూపించుకోవాలి.

గల్ఫ్, అమెరికా తెలుగు సంఘాల ఆహ్వానం వస్తే?

సంతోషంగా వెళ్లండి, కానీ పారితోషికం తీసుకొని పాడడానికి పర్యాటక వీసా సరిపోదు. అమెరికాకు అయితే సంప్రదాయ కళలు ప్రదర్శించేవారికి పీ-3 అనే వీసా ఉంది, దానికి ఆహ్వానించిన సంస్థే దరఖాస్తు చేయాలి. జగిత్యాల, కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల నుంచి గల్ఫ్ వెళ్లిన అన్నల ముందు పాడాలని నాకు ఎప్పటి నుంచో కోరిక.

మా ఊరికి పిలవాలంటే ఏం చేయాలి?

నెల రోజుల ముందు చెప్పండి. లౌడ్‌స్పీకర్‌కు పోలీసు అనుమతి నిర్వాహకులే తీసుకోవాలి. రాత్రి 10 గంటల నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్ వాడకం మీద నిషేధం ఉంది కాబట్టి 7 గంటలకే మొదలుపెట్టేలా చూడండి. సినిమా పాటలు పాడమని అడగవద్దు. మీ ఊళ్లో పాటలు కట్టేవారు, ఒగ్గు కథ చెప్పేవారు ఉంటే వారి పేరు చెప్పండి. వారిని కూడా వేదిక మీదికి పిలిచి, నాకు ఇచ్చినట్టే వారికి కూడా పారితోషికం ఇస్తేనే నేను వస్తాను.